గోడ విప్పాక బయటపడేది ఎవరి లెక్క?

దక్షిణ కోల్‌కతాలో భవానీపూర్, కాళీఘాట్ సందుల్లో పాతకాలపు ఇళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి. సున్నం, సుర్కీ కలిపి కట్టిన లావు గోడలు, నున్నని ఎర్ర గచ్చు, చెక్క రెక్కల కిటికీలు. కప్పు కింద దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు. బెంగాలీలు వీటినే కడి, బర్గా అంటారు. దంతెల మీద పలకలు పరిచి, ఆపైన ఇటుక ముక్కలూ సున్నమూ పోసి, చెక్క దిమ్మెలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచేవారు. మన వైపు మద్రాసు టెర్రస్ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

ఇలాంటి ఇంటికి మరమ్మతు ఒప్పుకోవడమంటే, లోపల ఏముందో తెలియకుండానే ముందుగా ధర చెప్పడం. కొత్త ఇల్లు కట్టేవాడికి ప్లాను ఉంటుంది. పాత ఇల్లు బాగుచేసేవాడికి ప్లాస్టరు ఊడేదాకా ఏమీ తెలియదు. ఈ వ్యాపారంలో తగాదాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

కింది సంవాదంలో మాట్లాడే ఇద్దరూ కోల్‌కతా తెలుగువాళ్లు. మావయ్య ఇళ్ల మరమ్మతులు పట్టే చిన్న కాంట్రాక్టరు, ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబంలో పుట్టి మాట మీద వ్యాపారం నడుపుకొచ్చినవాడు. మేనకోడలు వకీలు. నా మొగ్గు ఆమె వైపే. అయినా మావయ్య వేసిన ప్రశ్నల్లో కొన్నిటికి ఆమె దగ్గర జవాబు లేదు. వాటిని సర్దిచెప్పకుండా ఉన్నవి ఉన్నట్టే పెట్టాను.

మావయ్య: కాగితం అడిగితే ఇంటాయన మొహం మారిపోతుంది అమ్మడూ. ‘నా మీద నమ్మకం లేదా’ అంటాడు. ఆ మాట వచ్చిందంటే పని పక్కవాడికి పోయినట్టే. ఈ ఊళ్లో పని వచ్చేది ఒకరు చెబితే ఇంకొకరి దగ్గరి నుంచి. ఆ పేరే నా పెట్టుబడి.

మేనకోడలు: నోటిమాట చెల్లదని నేనూ అనను మావయ్యా. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాటా ఒప్పందమే. కానీ ఆ మాట ఏమిటో చూపించమంటే ఏం చూపిస్తావు? భవానీపూర్ ఇంటి సంగతి చెప్పు.

మావయ్య: ఏముంది చెప్పడానికి. రెండు బాత్రూములు, వంటిల్లు, హాలు కప్పుకి ప్లాస్టరు అన్నారు. మొత్తం మీద ఒక ధర చెప్పాను. పైనుంచి చూస్తే రంగు చక్కగా ఉంది, చిన్న బీట కూడా లేదు. ప్లాస్టరు కొట్టేసరికి దూలం చివర, గోడలోకి దూరే జానెడు మేర, చెక్క వేలితో నొక్కితే పొడి అయిపోయింది. ఒకటి కాదు, ఆ వరసలో మూడు. వాన నీళ్లు ఎన్నేళ్ల నుంచి గోడలోకి దిగుతున్నాయో. కప్పు కింద ఊతకర్రలు పెట్టించి ఇంటాయన్ని పిలిచాను. చూశాడు, భయపడ్డాడు. ‘కోరే దిన్, పోరే దేఖా జాబే’ అన్నాడు. చేసేయండి, తర్వాత చూసుకుందాం అని. ఇనప దూలాలు తెప్పించి వేశాను. బిల్లు ఇచ్చేసరికి ‘ధర చెప్పేటప్పుడు చూసుకోవాల్సింది మీరే కదా’ అన్నాడు.

మేనకోడలు: నీ కేసు లాంటిదే ఈ బెంగాల్‌లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1944లో బి.కె. మండల్ అండ్ సన్స్ అనే కాంట్రాక్టర్లు హుగ్లీ జిల్లా ఆరంబాగ్‌లో పౌర సరఫరాల శాఖకి గోదాములు కట్టారు. ఆ బిల్లు సొమ్ము అందింది. అధికారులు వాటితోపాటు వంటగది, కాపలా గది, గుమాస్తాలకి గది, మట్టి రోడ్డు, ఇంకొన్ని షెడ్లు కూడా అడిగారు. వీళ్లు కట్టారు, శాఖ వాడుకుంది. డబ్బు అడిగితే, చట్టం చెప్పిన పద్ధతిలో ఒప్పందం రాసుకోలేదు గనక చెల్లదు పొమ్మంది ప్రభుత్వం. కోర్టు ఒప్పుకోలేదు. ఒప్పందం లేకపోయినా, ఊరికే చేసిపెట్టే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పనిని ఇంకొకరు తీసుకుని అనుభవిస్తే దానికి తగిన ప్రతిఫలం ఇవ్వాల్సిందే అంది. అది కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్.

మావయ్య: తీర్పు ఎప్పుడు వచ్చింది?

మేనకోడలు: 1961 డిసెంబరులో.

మావయ్య: 1944లో పని, 1961లో న్యాయం. అంతకాలం నా మేస్త్రీలకి కూలి ఎవరిస్తారు? ఇనప దుకాణంవాడు ఆగుతాడా? చట్టం నా పక్షాన ఉందంటున్నావు. ఉండొచ్చు. అది నా దగ్గరికి చేరేలోపు నేను దుకాణం మూసుకోవాలి.

మేనకోడలు: అందుకే కాగితం అంటున్నాను. 70వ సెక్షన్ ఏమీ రాసుకోనివాడికి చివరి దిక్కు. అక్కడ కూడా తగిన ప్రతిఫలం ఎంతన్నది కోర్టు తేలుస్తుంది, నువ్వు వేసిన బిల్లు కాదు. అదే రాతపూర్వకమైన ఒప్పందం ఉండి, రావాల్సిన సొమ్ము తేలి ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 37వ ఆర్డరు కింద వేసుకోవచ్చు. అక్కడ అవతలివాడు వాదించడానికి ముందు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఆ దారి నోటిమాటకి లేదు.

మావయ్య: ఇంటాయన నా మీద వేస్తే?

మేనకోడలు: ఆయనకి దారి ఇంకా సులువు. ఇంటి నిర్మాణం వినియోగదారుల చట్టంలో సేవ కిందకి వస్తుంది. 2019 చట్టం ప్రకారం రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. నీకు ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు, వకీలు అక్కర్లేదు. నువ్వు మాత్రం నీ బాకీ కోసం అక్కడికి వెళ్లలేవు, నువ్వు వినియోగదారుడివి కావు. నీకు సివిల్ కోర్టే. అడిగే సొమ్మును బట్టి కోర్టు ఫీజు, పని ముగిసిన మూడేళ్లలోపు వెయ్యాలి.

మావయ్య: తాళంచెవి నా దగ్గరుంది కదా. డబ్బు ఇచ్చేదాకా ఇవ్వను.

మేనకోడలు: ఆ పని మాత్రం చెయ్యకు. కంసాలికి నగ మీద, గడియారం బాగుచేసేవాడికి గడియారం మీద కూలి ఇచ్చేదాకా పట్టి ఉంచుకునే హక్కు ఉంది. అది చేతికిచ్చిన వస్తువుకే. ఇంటి మీద నీకు అలాంటిదేమీ లేదు. తాళం వేసి కూర్చుంటే ఆయన పోలీసుల దగ్గరికి వెళ్తాడు, డబ్బు తగాదా కాస్తా క్రిమినల్ కేసు అవుతుంది. అమెరికాలో సంగతి వేరు. కూలి రాని కాంట్రాక్టరుకి ఇంటి మీదే హక్కు వచ్చే చట్టాన్ని మేరీలాండ్ 1791లోనే చేసింది, వాషింగ్టన్ నగరం కట్టే రోజుల్లో. మన పెద్దబ్బాయి డల్లాస్‌లో వంటిల్లు మార్పించుకున్నప్పుడు పని మొదలుకాకముందే మొగుడూ పెళ్లాలిద్దరి చేతా సంతకం పెట్టించుకున్నారు, గుర్తుందా? టెక్సస్‌లో కాపురముంటున్న ఇంటి మీద ఆ హక్కు కావాలంటే ఇద్దరి సంతకమూ ముందే పడాలి.

మావయ్య: ఇక్కడ మొగుడూ పెళ్లాలైతే పర్లేదు. ఉత్తర కోల్‌కతాలో షరీకి ఇళ్లు చూశావా? తాతగారి ఇల్లు, అయిదుగురు వాటాదారులు. రెండో అంతస్తు తమ్ముడు డాబా మీద నీళ్లు కారకుండా చేయించమంటాడు. చేసి బిల్లిస్తే డాబా అందరిదీ అంటాడు. మొదటి అంతస్తు అన్నగారు నేను చెప్పానా అంటాడు. ఇంకొకాయన ఢిల్లీలో ఉంటాడు, ఫోనెత్తడు.

మేనకోడలు: చూశావా, కాగితంలో మొదటి వాక్యం నువ్వే చెప్పేశావు. పని ఎవరు చెప్పారో, డబ్బు ఎవరిస్తారో, వాళ్లకి ఆ ఇంటి మీద ఏం హక్కుందో. అద్దెకున్నవాళ్లైతే మరీ జాగ్రత్త. ఈ ఊళ్లో తరాల తరబడి అద్దెకుంటున్నవాళ్లు ఇల్లు తమదే అన్నట్టు మార్పులు చేయిస్తారు. యజమాని ఒప్పుకోలు లేకుండా గోడ పడగొట్టకూడదు, శాశ్వత కట్టడం లేపకూడదని ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. అది అద్దెదారుని ఖాళీ చేయించడానికి కారణమవుతుంది. గోడ కొట్టినవాడివి నువ్వు, మధ్యలో ఇరుక్కుంటావు.

మావయ్య: సరే, కాగితం రాసుకుందామంటాను. మర్నాడు ఇంటాయన తన వకీలు చేత పన్నెండు పేజీలు ఇంగ్లీషులో రాయించి తెస్తాడు. ఆలస్యమైతే రోజుకింత జరిమానా, పదేళ్లు గ్యారంటీ, నచ్చకపోతే ఎప్పుడైనా తీసేస్తాం, చివరి వాయిదా తృప్తి కలిగాకే. నేను చదవలేను, నా మేస్త్రీ ముర్షిదాబాద్‌వాడు, అతనూ చదవలేడు. దాని కంటే నోటిమాటే నయం కాదా? నువ్వు చెప్పిన ఆ వినియోగదారుల చట్టంలో అన్యాయమైన ఒప్పందాలని ఏదో ఉంది కదా, అది నన్ను కాపాడుతుందా?

మేనకోడలు: కాపాడదు. అన్యాయపు ఒప్పందం అన్న మాట ఆ చట్టంలో కొనుక్కునేవాడి కోసమే ఉంది. నీలాంటి చిన్నవాడి మీద పెద్ద ఇంటివాడు ఏకపక్షంగా రాయించినదానికి అక్కడ మందు లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఒప్పందాల గురించి రాసేవాళ్లు ఇంటి యజమాని ఎలా మోసపోతాడో రాస్తారు, అది నిజమే. సగం పనిలో అడ్వాన్సుతో మాయమైనవాళ్ల కథలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. కానీ ఇల్లు ఆయన చేతిలో ఉంటుంది, చివరి వాయిదా ఆయన చేతిలో ఉంటుంది, సులువైన కోర్టు ఆయనకుంటుంది. పని గోడలో కలిసిపోయాక కాంట్రాక్టరు చేతిలో మిగిలేది రాత ఒక్కటే. చిన్న కాంట్రాక్టరుకే కాగితం ఎక్కువ అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను. దాన్ని మొదట రాసేది కూడా అతనే కావాలి. మేనకోడలు తర్వాత చెప్పింది అదే.

మేనకోడలు: కాబట్టి నువ్వే ముందు రాసుకెళ్లు. రెండు పేజీలు చాలు. స్టాంపు పేపరు, పెద్ద మాటలు తర్వాతి సంగతి. బెంగాలీలో రాయించు, మేస్త్రీకి చదివి వినిపించొచ్చు. చట్టం ఏ భాషలో రాయమనీ చెప్పలేదు.

మావయ్య: రెండు పేజీల్లో ఏం పడుతుంది?

మేనకోడలు: చేసే పని గది గదికీ, కొలతలతో. అందులో లేనివి కూడా, ‘కరెంటు వైరింగు ఇందులో లేదు’ అని. టైల్స్, కుళాయిలు ఎవరు కొంటారో, జీఎస్‌టీ ధరలో ఉందో లేదో. వాయిదాలు ఏ పని ముగిస్తే ఎంతో. అన్నిటికంటే ముఖ్యం, గోడ విప్పాక బయటపడేదాని సంగతి.

మావయ్య: బయటపడకముందే ఎలా రాస్తాను?

మేనకోడలు: ఏం బయటపడుతుందో నీకు తెలియదు, కానీ ఏమేం బయటపడొచ్చో ఈ ఊళ్లో నీకంటే బాగా ఎవరికి తెలుసు? పుచ్చిన దూలం, నోనా, అంటే ఉప్పు చెమ్మ, పట్టిన గోడ, తుప్పు పట్టిన పాత ఇనప పైపు, కూలిపోయే సున్నపు గచ్చు. ఒక్కోదానికి రేటు ఇప్పుడే వెయ్యి. ఇనప దూలం అడుగుకింత, ప్లాస్టరు చదరపు అడుగుకింత. బయటపడితే పని ఆపి, ఫొటో తీసి, ఇంటాయనకి చూపించి, చీటీ మీద సంతకం తీసుకున్నాకే మొదలుపెట్టు. కార్బను పెట్టి రాసే డూప్లికేటు పుస్తకం ఉంటే చాలు. ఏం పని, ఎంత సొమ్ము, ఎన్ని రోజులు పెరుగుతాయి. మూడు వరసలు.

మావయ్య: ఇంటాయన ఊళ్లో లేకపోతే?

మేనకోడలు: వాట్సాప్‌లో పంపి ‘సరే’ అనిపించుకో. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, తగిన సర్టిఫికెట్‌తో అలాంటివి సాక్ష్యంగా చెల్లుతాయి. ఆ ఫోను మాత్రం అమ్మెయ్యకు, మెసేజీలు చెరిపెయ్యకు. పని మొదలుపెట్టేముందు పక్కింటి గోడ ఫొటోలు కూడా తీసిపెట్టుకో, పక్కింటాయన్ని ఎదురుగా నిలబెట్టి. ఈ ఊళ్లో గోడకి గోడ ఆనుకుని ఉంటుంది. 2019లో బౌబజార్‌లో మెట్రో సొరంగం తవ్వినప్పుడు పాత ఇళ్లు ఎలా కూలాయో చూశాం కదా. నువ్వు సుత్తి పట్టుకున్న రోజు నుంచి పక్కింట్లో ఎప్పటి బీటైనా నీ ఖాతాలోకే వస్తుంది.

మావయ్య: అడ్వాన్సు సంగతి చెప్పు. నేను నలభై శాతం తీసుకుంటాను. అది తగ్గించమంటావా?

మేనకోడలు: కాలిఫోర్నియాలో ఇంటి మరమ్మతుకి ముందు తీసుకునేది పది శాతం లేదా వెయ్యి డాలర్లు, ఏది తక్కువైతే అది దాటకూడదు.

మావయ్య: అక్కడ సరుకు దుకాణం అప్పు ఇస్తుందేమో. ఇక్కడ ఇసక లారీ దిగాలంటే ముందు నోట్లు లెక్కపెట్టాలి. మేస్త్రీకి సరుకు అందించే జోగాడే కుర్రాడికి సాయంత్రం కూలి ఇవ్వకపోతే మర్నాడు రాడు. పది శాతంతో నేను గోడకి గోరు కూడా పెట్టలేను. ఈ విషయంలో నీ మాట వినను.

మేనకోడలు: నలభై తీసుకో, కానీ దేనికో రాయి. దానితో ఏ సరుకు ఎప్పటికి దింపుతావో. దిగిన సరుకు ఆయనదే అని రాయి.

మావయ్య: అది ఒప్పుకుంటాను. మరి జరిమానా? ఈ ఊళ్లో అందరికీ దుర్గాపూజ లోపల ఇల్లు కావాలి. మహాలయ నాటికి ఇస్తానని మాటిస్తాను. వాళ్ల అమ్మాయి బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో బాత్రూం టైల్ రంగు తేల్చదు. ఈ లోపు వాన. ఆలస్యం నాదే అంటారు, రోజుకి 2,000 కోస్తామంటారు.

మేనకోడలు: రాసినంత మాత్రాన అంతా కొయ్యడానికి వీల్లేదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసిన సొమ్ము పైహద్దు మాత్రమే, దాని లోపల న్యాయమైన పరిహారమే ఇప్పిస్తారు. కానీ కోర్టుకి వెళ్తేనే కదా ఆ మాట. అందుకని ముందే రాయి. టైల్ ఫలానా తేదీకి తేల్చకపోతే ఎన్ని రోజులు ఆగితే అన్ని రోజులు గడువు పెరుగుతుందని. నీ వల్ల ఆలస్యమైతే తప్పించుకోకు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత, నువ్వు పని వదిలేస్తే ఆయన ముప్పై రోజుల నోటీసిచ్చి వేరేవాళ్ల చేత చేయించుకుని ఆ ఖర్చు నీ దగ్గర వసూలు చెయ్యొచ్చు.

మావయ్య: ఇంకొకటి. మధ్య గోడ తీసేసి హాలు పెద్దది చెయ్యమంటారు, బాల్కనీ మూసి గది చెయ్యమంటారు. కార్పొరేషన్ అనుమతి అంటే ‘అందరూ చేస్తున్నారు’ అంటారు.

మేనకోడలు: రంగులు, ప్లాస్టరు, టైల్స్ వేరు, కట్టడం మార్చడం వేరు. బరువు మోసే గోడని ఇంజనీరు చూడకుండా ముట్టుకోకు. అనుమతి లేని కట్టడాన్ని కూల్చమనే అధికారం 1980 నాటి కార్పొరేషన్ చట్టం 400వ సెక్షన్‌లో ఉంది. పైగా చట్టం కూడదన్న పని కోసం చేసుకున్న ఒప్పందం చెల్లదు. అలాంటి పని చేసి కూలి కోసం కోర్టు మెట్లెక్కితే నిలబడే నేలే ఉండదు నీకు. 2025 జనవరిలో బాఘా జతీన్‌లో ఏమైంది? ఒరిగిన నాలుగంతస్తుల ఇంటిని ప్రమోటరు హర్యానా సంస్థ చేత జాకీలతో లేపించబోతే మొత్తం పక్కకి వాలిపోయింది. అంతకుముందే ఖాళీ చేశారు గనక ప్రాణాలు దక్కాయి. కార్పొరేషన్ అనుమతి తీసుకోలేదని మేయరే చెప్పారు. ప్రమోటరుని అరెస్టు చేశారు.

మావయ్య: ఆ ఇల్లు చూసొచ్చాను. రాత్రి నిద్ర పట్టలేదు. ఆ జాకీల కింద పనిచేసిన కుర్రాళ్ల గురించి ఎవరైనా అడిగారా?

మేనకోడలు: నీ కుర్రాళ్ల గురించి నేను అడుగుతాను. వెదురు పరంజా మీద నుంచి ఒకడు పడితే?

మావయ్య: ఆసుపత్రికి నేనే తీసుకెళ్తాను. ఇప్పటిదాకా అలాగే చేశాను.

మేనకోడలు: నువ్వు తీసుకెళ్తావు, నాకు తెలుసు. కానీ చేతనైనంత ఇవ్వడం వేరు, చట్టప్రకారం ఇవ్వాల్సింది వేరు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం పనిలో పెట్టుకున్నవాడిదేనని 1923 నుంచీ చట్టం ఉంది, ఇప్పుడది సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. ఇంటాయన మీదకి నెట్టడం కష్టం, ఆయన తన ఇల్లు బాగుచేయించుకుంటున్నాడే గాని వ్యాపారం చెయ్యట్లేదు. ఒక ప్రాణం పోతే లెక్క లక్షల్లో ఉంటుంది. బీమా చెయ్యి, ఆ ప్రీమియం ధరలో కలుపు. మేస్త్రీ తన కింద ఎవర్ని తెస్తున్నాడో పేర్లు రాసుకో.

మావయ్య: ప్రీమియం కలిపితే నా ధర పెరుగుతుంది. కలపని పక్కవాడికి పని పోతుంది.

మేనకోడలు దీనికి వెంటనే ఏమీ అనలేదు. చట్టం పాటించేవాడి ధర ఎప్పుడూ పాటించనివాడి ధర కంటే ఎక్కువే. ఆ తేడాని ఇంటి యజమానులు భరిస్తే తప్ప ఒక్క వకీలు, ఒక్క కాంట్రాక్టరు కూర్చుని దీన్ని తేల్చలేరు. మూడు కొటేషన్లు తెప్పించి అన్నిటికంటే తక్కువది పట్టుకునే మనందరికీ ఇందులో వాటా ఉంది.

మావయ్య: సరే, ఇప్పుడు ఒప్పుకోబోయే కాళీఘాట్ ఇంటికి రాద్దాం. దూలాలకి రేటు ముందే వేస్తాను, చీటీ పుస్తకం పెడతాను. గ్యారంటీ మాత్రం పదేళ్లు ఇవ్వను. సున్నపు గోడలో నోనా ఉప్పు ఉంటుంది. నేను బంగారంలాంటి ప్లాస్టరు వేసినా వర్షాకాలం రాగానే అది పొంగి రాలుతుంది.

మేనకోడలు: రాయి. ‘కొత్తగా వేసిన కుళాయి పైపులకి, టైల్స్‌కి రెండేళ్లు. పాత గోడల్లోని చెమ్మకి, నోనాకి గ్యారంటీ లేదు. ఆ సంగతి పని మొదలుకాకముందే యజమానికి గోడ చూపించి చెప్పడమైనది.’ కింద ఆయన సంతకం.

మావయ్య: ఇంకొకటి రాయి. ప్లాస్టరు విప్పాక దూలం పుచ్చి కనబడితే పని ఆపమన్నావు. ఆయన వారం ఆలోచిస్తాడు. ఆ వారం కప్పు కూలకుండా ఊతకర్రలు నేను పెట్టాలి. వాటి అద్దె ఎవరిది?

మేనకోడలు: ఆయన ఆలోచించుకునే రోజులకి ఆయనదే.

మావయ్య: ఒప్పుకోడు.

మేనకోడలు: మొదటి రెండు రోజులు నీది, ఆపైన ఆయనది.

మావయ్య: ఒక్కరోజు నాది. రెండో రోజు నుంచి ఆయనది. అలా రాస్తే సంతకం పెడతాను.